పొలపాటు

"దోన్ లోములో గాలూ... నేను షూచిన్‌ని. డైలెక్టలు గాలి టీలో మందు కలిపింది నేనే. పొలపాటయింది. క్షమించండి. ఇంక షూటింగ్‌కి లాను."

టక్‌మని టేపు ఆగింది. కెప్టెన్ బెర్నాలెస్ మిషన్ మీద అరచెయ్యి వేసుకుని నావైపు చూశాడు. లాటరీ తగిలినవాడి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఇవాళ గురువారం, పొద్దున తొమ్మిదీ ఇరవై. దోన్ రోములో గారు స్నానాల గదిలో ఉన్నప్పుడు వాళ్ళింటి ఫోన్ మిషన్‌లో రికార్డయింది. ఇంకేం కావాలయ్యా చీనో? ఆ అమ్మాయి వచ్చి నీ చెవిలో చెప్పాలా?"

పెరూ రాజధాని లిమాలో కళ్ళు కాస్త చిన్నవైతే చాలు, ప్రతివాడూ చీనోయే, అంటే చైనావాడే. మా తాత కాంటన్ నుంచి ఓడలో వచ్చాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. చైనా భాషలో నాకు తిట్లూ తినుబండారాల పేర్లూ తప్ప ఇంకేమీ రావు. పేరు ఎవారిస్తో లోక్, వృత్తి ప్రైవేటు డిటెక్టివు, ఎడమ మోకాలు పనికిరాదు. బెర్నాలెస్ పోలీసు శాఖలో ఉండగా నాతో మూడుసార్లు గొడవపడ్డాడు. ఇప్పుడు రిటైరై ఈ సినిమా స్టూడియోకి కాపలా పెద్దగా ఉన్నాడు. గొడవ మాత్రం రిటైర్ కాలేదు.

నిర్మాత దోన్ రోములో కుర్చీలో చెమటలు కక్కుతున్నాడు. పొద్దున ఏడింటికి నాకు ఫోన్ చేసి, "ఆ పిల్ల ఇలాంటి పని చేసే మనిషి కాదు లోక్, నా మనసు చెబుతోంది" అన్నది ఈయనే. తొమ్మిదిన్నరకల్లా ఆ మనసు మాట మార్చేసింది.

"నా చెవులతో విన్నానయ్యా," అన్నాడు దిగులుగా. "ఆమె గొంతే."

జరిగింది ఇదీ. నిన్న బుధవారం పదకొండున్నర ప్రాంతంలో డైరెక్టర్ పౌకార్, హీరోయిన్ లువాన్ షూచిన్ మేకప్ గదిలో టీ తాగి స్పృహ తప్పాడు. కప్పులో నిద్రమందు దొరికింది. అసలే గుండె బలహీనం మనిషి. ఆస్పత్రిలో ప్రాణగండం తప్పిందిగానీ ఇంకా మత్తులోనే ఉన్నాడు. సాయంత్రానికి మాట్లాడతాడని డాక్టర్లు అంటున్నారు.

"అయితే సాయంత్రం దాకా ఆగొచ్చుగా?" అన్నాను.

"ఆగడానికి ఏముంది? టీ తాగాను, పడిపోయాను అంటాడు. అది మనకీ తెలుసు. మూడింటికి పోలీసులకి అప్పజెప్పేస్తున్నాను. సినిమా కాంట్రాక్టు రద్దు. ఆ కాంట్రాక్టు మీదే ఆమె ఈ దేశంలో ఉంటోంది. కేసు నిలబడితే జైలు, నిలబడకపోతే విమానం. ఎటైనా నాకు ఇష్టమే."

"ఎందుకు చేసినట్టు?"

"ఆడవాళ్ళు, పైగా నటీమణులు. నాకేం తెలుసు?"

నా చెవిలో మాత్రం ఏదో గుచ్చుకుంటోంది. టేపులో గొంతు ఆమెదేనని ఒప్పుకుంటాను. నిన్న పత్రికవాళ్ళతో మాట్లాడుతుంటే టీవీలో విన్నాను. కానీ ఏదో సరిగ్గా లేదు. అదేమిటో అంతుబట్టక ఒళ్ళు మండింది.

*

షూచిన్‌ని పక్క గదిలో కూర్చోబెట్టారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ మనిషి. నిటారుగా కూర్చుంది. ఏడవలేదు, కాళ్ళు ఊపలేదు. నాకు అలాంటివాళ్ళంటే గౌరవం.

"ఫోన్ చేశావా అమ్మా?"

"లేతు." అని, రెండు వేళ్ళు గొంతు మీద ఆనించి, మెల్లగా మళ్ళీ చెప్పింది. "లేదు."

ఆమె పలుకు ఉన్నదున్నట్టు రాస్తే మీకు విసుగొస్తుంది. 'ద'లు 'త'లు, 'డ'లు 'ట'లు, 'గ'లు 'క'లు అయిపోతాయి. గుర్తొచ్చినప్పుడల్లా గొంతు మీద వేళ్ళు పెట్టుకుని దిద్దుకుంటుంది. గొంతు మోగితే 'ద', మోగకపోతే 'త' అట. భాష నేర్పినావిడ చూపించిన చిట్కా.

"తొమ్మిదీ ఇరవైకి ఎక్కడున్నావు?"

"నా గదిలో."

"ఎవరైనా చూశారా?"

"నన్ను ఎవరు చూస్తారు? ఒక్కతాన్నే ఉంటాను."

"నిన్నటి సంగతి చెప్పు. టైములతో సహా."

"పదకొండింటికి సీన్ అయింది. కెటిల్ తీసుకుని మేకప్ గదికి వెళ్ళాను. పదకొండూ ఐదుకి టీ పెట్టాను. తాగేలోపే లైట్లు సరిచూడాలని మళ్ళీ పిలిచారు. పదకొండూ పది నుంచి ముప్పావు దాకా కెమెరా ముందే ఉన్నాను. తిరిగొచ్చేసరికి టైరెక్టర్‌కారు సోఫాలో ఒరిగిపోయి ఉన్నారు."

"ఆయన నీ గదిలోకి ఎందుకొచ్చాడు?"

"అక్కడ ఫ్యాన్ ఉంది. రోజూ పావుగంట అక్కడే కూర్చుంటారు. అందరికీ తెలుసు."

చైనాలో ఉత్తరాన యాన్‌తాయ్ అనే సముద్రపు ఊరు ఆమెది. అక్కడ నాటకాల్లో మంచి పేరే ఉండేదట. లిమా వచ్చి ఆరేళ్ళు. ఆరేళ్ళలో తొమ్మిది వేషాలు. రెండుసార్లు శవం, నాలుగుసార్లు చీఫాలో, అంటే చైనా హోటల్లో, ప్లేట్లు వడ్డించే పిల్ల, మిగతావి వీధిలో నడిచిపోయేవి. తొమ్మిదింటికీ కలిపి ఒక్కటే డైలాగు: "ఏం తింటారు?" దాన్ని కూడా వేరేవాళ్ళు చెప్పారు. ఇదిగో, ఇది పదోది. వందేళ్ళ కింద ఓడలో వచ్చిన ఒక చాకలామె కథ. సినిమా అంతా ఆమే.

"డైలాగులు?" అన్నాను. మా స్టూడియోల్లో కెమెరాల రొదకి మాటలన్నీ తర్వాతే డబ్బింగ్ చేస్తారు.

మొదటిసారి ఆమె కళ్ళు కదిలాయి. "చేలా పిన్ని చెప్పాల్సింది. మొదట్నుంచీ అలాగే అనుకున్నారు. కానీ మంగళవారం సాయంత్రం ఆరింటికి టైరెక్టర్‌కారు పిలిచి, నీ మాట నువ్వే చెప్పుకో అన్నారు. తప్పులున్నా సరే, ఆ తప్పులే కావాలి అన్నారు. సోమవారం డబ్బింగ్ మొదలు." నావైపు తిరిగింది. "సార్, నన్ను పంపించేస్తే షూటింగ్‌కేం నష్టం లేదు. ఒక్క సీనే మిగిలింది, అదీ వెనకనుంచి. ఎవరినైనా నిలబెట్టి తీసేస్తారు. సినిమా వస్తుంది. నా మొహం ఉంటుంది. నా మాట ఉండదు. మళ్ళీ శవమే."

దాచుకోవడం దేనికి, జాలేసింది.

"డైరెక్టర్ ఆ మాట చెప్పినప్పుడు గదిలో ఇంకెవరున్నారు?"

"పిన్ని ఒక్కతే. చాలా సంతోషించింది. నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది."

చేలా పిన్ని అంటే గ్రసియేలా యీ. నాకు చేలక్క. మా వీధిలోనే పెరిగింది. నేను బళ్ళో పద్యం చెప్పలేక ఏడుస్తుంటే కూర్చోబెట్టి నేర్పింది. నలభై ఏళ్ళుగా రేడియోలో, సినిమాల్లో, డబ్బింగుల్లో ఉంది. షూచిన్‌కి భాష నేర్పిందీ ఆవిడే. ఆ పేరు వినగానే నాకు ధైర్యం వచ్చింది. చేలక్కని అడిగితే ఏదైనా దారి దొరుకుతుందనుకున్నాను.

*

మేకప్ గది చిన్నది. సోఫా, అద్దం, ఫ్యాన్, చిన్న బల్ల. బల్ల మీద టీ సామాను లేదు.

"అన్నీ పరీక్షకి పంపేశాను," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ బెర్నాలెస్.

"ఉన్నవి ఉన్నట్టు ఫోటో తీయించావా?"

"ఫోటోలెందుకు? నాకు కళ్ళున్నాయి."

"ఆయనకి కళ్ళున్నాయి, నాకు ఫోటోలున్నాయి," అంటూ వెనకనుంచి దోన్యా హిల్దా వచ్చింది. అరవై దాటిన మనిషి, మెడలో ఫోటో మిషన్, చేతిలో అట్టపెట్టె. సీను సీనుకీ మధ్య వస్తువులు మారిపోకుండా చూడటం ఆవిడ పని. హీరో చొక్కా గుండీ ఊడినా ముందు ఆవిడకే తెలుస్తుంది. "ఆ కెటిల్ సినిమాలోది. చాకలామె కెటిల్. షూచిన్‌కి దాంట్లోనే టీ కావాలి. వద్దంటే వినదు. అందుకే అది సెట్టు దాటినప్పుడు ఒకటి, తిరిగి తీసుకునేటప్పుడు ఒకటి ఫోటో తీస్తాను. నిన్న పన్నెండింటికి సెట్టులో కావాలి. పదకొండూ యాభైకి వచ్చాను. ఒకవైపు డైరెక్టర్‌ని మోసుకెళ్తున్నారు, ఒకవైపు నేను ఫోటో తీస్తున్నాను. అలవాటు చావదుగా!"

రెండు ఫోటోలు బల్ల మీద పెట్టింది. వెనక టైము రాసి ఉంది. పదకొండు గంటలు: కెటిల్ మీద మూత నిండుగా ఉంది. పదకొండూ యాభై: మూత పక్కకి జరిగి, ఒక అంచు కెటిల్ నోటి మీద, ఇంకో అంచు పిడి మీద ఆని, ఏటవాలుగా ఉంది. దాని ముందు రెండు కప్పులు. ఒకటి వాడింది. రెండోది బోర్లించి ఉంది, కింద తడి మరక.

నేను ఆ ఫోటోని చూస్తూనే ఉండిపోయాను.

"ఏమిటయ్యా అంత చూడ్డానికి?" బెర్నాలెస్ వంగి చూశాడు. "ఆఁ, మూత! నేనే సరిగ్గా పెట్టి పంపించాను. దుమ్ము పడకుండా."

"ఎంత మంచి పని చేశావు కెప్టెన్! దుమ్ము పడలేదు, ఆధారం పోయింది."

"మూత ఆధారమా?"

"కెటిల్ ఖాళీ అయింది, ఇంకా వేడినీళ్ళు పొయ్యమని అడగటం అది. మా వాళ్ళ టీ కొట్లలో నోరు తెరిచి అడగరు. మూత అలా ఒరగేసి కూర్చుంటారు. వచ్చి నింపి పోతారు."

"సరే, మీవాళ్ళే కదా! ఆమె చైనా మనిషి, నేను చెప్పేదీ అదే!"

"దోన్యా హిల్దా, షూచిన్ టీ ఎలా తాగుతుంది?"

"మూత బిగించే తాగుతుంది బాబూ. మొదట్లో కెటిల్ అంటేనే నవ్వేది. వాళ్ళ ఊళ్ళో గాజు గ్లాసులో ఆకు వేసి, దానిమీదే నీళ్ళు పోసుకుంటారట. మూత ఒరగెయ్యడం నేనెప్పుడూ చూళ్ళేదు. చూస్తే ఊరుకుంటానా? పగులుతుంది!"

"ఇక పౌకార్ కొండ ప్రాంతం మనిషి," అన్నాను. "కెటిల్‌తో మాట్లాడటం ఆయనకేం తెలుసు? ఈ గదిలో మూడో మనిషి కూర్చుంది కెప్టెన్. పౌకార్‌తో కలిసి కెటిల్ ఖాళీ అయ్యేదాకా టీ తాగింది. తన కప్పు కడిగి బోర్లించింది. మూత సంగతి మాత్రం ఆ మనిషికే తెలీదు. చెయ్యి అలవాటుగా చేసేసింది."

"గేటు పుస్తకం చూశాను. నిన్న పదకొండు నుంచి పన్నెండు దాకా బయటివాళ్ళు ఒక్కరూ రాలేదు."

"పుస్తకంలో రోజూ వచ్చేవాళ్ళ పేర్లు రాస్తారా?"

రాయరు. అది బెర్నాలెస్‌కీ తెలుసు.

గెలిచానన్న సంతోషం నాకు అరనిమిషం కూడా నిలవలేదు. స్టూడియోలో మావాళ్ళు, కాంటన్ రక్తం వాళ్ళు ఎంతమంది? వేళ్ళ మీద లెక్కపెట్టబోయాను. ఒక్క వేలు దగ్గరే ఆగిపోయింది. ఛీ, నోరు ముయ్యి అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"నేను షూచిన్‌ని భోజనానికి తీసుకెళ్తాను," అన్నాను. "మూడింటికల్లా తెచ్చి అప్పజెప్తాను."

"అంత నమ్మకం నాకు లేదు. నేనూ వస్తాను. నీ ఖర్చు."

*

లామ్ గారి చీఫా మా కాపోన్ వీధిలో మూడో కొట్టు. చేలక్క మధ్యాహ్నం భోజనం రోజూ అక్కడే. ఒంటిగంటా ఐదుకి లోపలికి అడుగుపెట్టాం. ఎనభై ఏళ్ళ లామ్ గారు గల్లాపెట్టె వెనకనుంచి చేతులు ఊపాడు.

"లండి లండి, ఎవాలిస్తో! కూల్చోండి! చేలా ఇందాకే వచ్చింది, కెటిల్ కూడా ఖాలీ చేసింది!"

నా కాలు గుమ్మంలోనే ఆగిపోయింది.

'లండి.' 'కూల్చోండి.' 'పొలపాటయింది.' కాంటన్ నాలుక అది. మా తాతకి చచ్చేదాకా 'ర' తిరగలేదు. "ఒలే ఎవాలిస్తో" అనే పిలిచేవాడు. మరి షూచిన్? పొద్దున గంటసేపు మాట్లాడింది. టైరెక్టర్‌కారు అంది. ఎవరు అంది. పిలిచారు, తిరిగొచ్చేసరికి, అందరికీ అంది. ఒక్క 'ర' కూడా జారలేదు. ఉత్తరాదివాళ్ళ నాలుక 'ర' దగ్గర ఒక మెలిక ఎక్కువే తిరుగుతుంది. ఆమె తప్పులు వేరే తప్పులు. టేపులో ఉన్నవి మా ఇంటి తప్పులు.

చెవిలో గుచ్చుకుంటున్న ముల్లు బయటికి వచ్చింది. నొప్పి మాత్రం అప్పుడే మొదలైంది.

బెర్నాలెస్ పక్క బల్ల దగ్గర కూర్చుని నా ఖర్చు మీద వేయించిన అన్నం తెప్పించుకున్నాడు. మేము చేలక్క బల్ల దగ్గరికి వెళ్ళాం. అరవై రెండేళ్ళు, ఎర్రటి లిప్‌స్టిక్, ముత్యాల దండ. నోరు తెరిస్తే పక్క బల్లలవాళ్ళు తినడం ఆపి వింటారు. అలాంటి గొంతు. ఆ నోట్లో 'ర' మోగినట్టు లిమాలో ఇంకెవరి నోట్లోనూ మోగదు.

"రా తల్లీ, రా! ఎలా చిక్కిపోయావో చూడు ఒక్క రోజులో!" షూచిన్ చెంపలు నిమిరింది. "ఒరేయ్ ఎవారిస్తో, ఈ పిల్లని బయట పడెయ్యకపోతే నా మొహం చూడకు. రాత్రంతా నిద్ర లేదు నాకు. పాపం పౌకార్‌కి కూడా పొద్దున్నే లేచి అల్లం వేసి కోడిసూపు కాచాను. దోన్ రోములో డ్రైవరు పన్నెండింటికి వెళ్తుంటే ఫ్లాస్కులో పోసి పంపాను. లేవగానే కాస్త వేడిగా తాగుతాడని."

"నీ మనసు మంచిది అక్కా," అన్నాను. ఆ మాట అంటుంటే నాకే ఏడుపొచ్చింది.

లామ్ గారు కొత్త కెటిల్ తెచ్చాడు. చేలక్క ముగ్గురికీ పోసింది. మేము తాగాం. ఆవిడ షూచిన్ చిన్నప్పటి నాటకాల గురించి అడిగింది, వింది, నవ్వింది. కెటిల్ ఖాళీ అయింది. మాట ఆపకుండా, చూడను కూడా చూడకుండా, చేలక్క చెయ్యి మూతని పక్కకి జరిపి పిడి మీద ఒరగేసింది.

నేను జేబులోంచి ఫోటో తీసి ఆ కెటిల్ పక్కనే పెట్టాను.

చేలక్క ఫోటో చూసింది. తర్వాత కెటిల్ చూసింది. తర్వాత నన్ను చూసింది. మంచి నటి. నటించాల్సిన అవసరం ఎప్పుడు అయిపోతుందో కూడా తెలిసిన నటి.

"ఊళ్ళో మూత ఒరగేసేవాళ్ళు వెయ్యిమంది ఉంటార్రా," అంది చివరికి.

"ఉంటారు. షూచిన్ గొంతు పలకగలిగేవాళ్ళు?"

"టేపులో గొంతు షూచిన్‌దేగా!"

"టేపు సంగతి నీకెవరు చెప్పారక్కా? నేను చెప్పలేదు. విన్నది మేం ముగ్గురమే."

పక్క బల్ల దగ్గర బెర్నాలెస్ చెంచా గాల్లో ఆగింది.

షూచిన్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. విషయం మెల్లగా ఆమె మొహంలోకి ఎక్కింది. నేను జేబులోంచి కాగితం తీసి టేపులో మాటలు చదివాను. లోములో, డైలెక్టలు, పొలపాటు, లాను. అన్నీ రాసుకున్నాను.

"నేను ఇలా అనను పిన్నీ," అంది షూచిన్. "పొరపాటు. పొరపాటు. ఇది నాకు వస్తుంది. 'ర' నాకు మొదట్నుంచీ వచ్చు. నువ్వే మెచ్చుకున్నావు."

"తెలుసు తల్లీ." చేలక్క గొంతులో తేనె పోయింది, ఒట్టి ముసలితనం మిగిలింది. "నీలాగా మాట్లాడటం నాకు రాదనుకున్నావా? విను." కళ్ళు మూసుకుంది. "నన్ను ఎవరు చూస్తారు? ఒక్కతాన్నే ఉంటాను."

పొద్దున పక్కగదిలో విన్న మాట అది. అదే గొంతు, అదే 'త', అదే మెలిక తిరిగిన 'ర'. షూచిన్ ఈ మాట చేలక్కతో ఎన్నిసార్లు అని ఉంటుందో.

"మరి ఫోన్లో ఎందుకు అలా..." అన్నాను.

"అలా కాకపోతే రోములో నమ్మడురా!" బల్ల మీద కొట్టింది. "నాకు ఇరవై రెండేళ్ళప్పుడు మొదటి వేషం ఇచ్చాడు వాళ్ళ నాన్న. చైనా పనిమనిషి. నేను శుభ్రంగా చెప్పాను డైలాగు. 'అలా కాదమ్మాయ్, చైనావాళ్ళలా చెప్పు' అన్నాడు. నేను పుట్టింది ఈ వీధిలో! చైనా మొహం కూడా చూళ్ళేదు! మా తాత మాట గుర్తు తెచ్చుకుని 'లండి దొలగాలూ' అన్నాను. సెట్టంతా పడీ పడీ నవ్వారు. ఇరవై ఏళ్ళు అదే అడిగారు. వయసైపోయాక అదీ అడగడం మానేశారు, డబ్బింగ్‌కి తోశారు. ఇదొక్కటే, ఎవారిస్తో, ఇదొక్క సినిమా. మొదటి సీను నుంచి చివరి సీను దాకా ఒక చైనా ఆడది మనిషిలా మాట్లాడుతుంది. మొహం తనది, గొంతు నాది. ఎనిమిది నెలలు ఆ డైలాగులు కంఠతా పట్టాను. మంగళవారం సాయంత్రం పౌకార్ ఒక్క ముక్కలో తీసేశాడు."

"పిన్నీ, నాకు ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెబితే ఇచ్చేసేదానివి. నాకు తెలుసు. అదే భరించలేకపోయాను."

లామ్ గారు వచ్చి, ఒరగేసిన మూత చూసి, వేడినీళ్ళు పోసి వెళ్ళాడు. షూచిన్ కెటిల్ అందుకుని ముందు చేలక్క కప్పు నింపింది. చేలక్క రెండు వేళ్ళతో బల్ల మీద తట్టింది. మావాళ్ళు టీ పోసినవాళ్ళకి అలాగే కృతజ్ఞత చెప్పుకుంటారు. తడుతున్న వేళ్ళు మధ్యలో ఆగిపోయాయి. ఆవిడ మొహం పాలిపోయింది.

"టైమెంత?"

"ఒకటీ యాభై రెండు," అన్నాను.

"ఆస్పత్రిలో రెండింటికి భోజనాలు." కప్పు దూరంగా తోసింది. "వాడు లేస్తే చెప్పేస్తాడురా, పక్కన కూర్చున్నది నేనని. ఆ ఫ్లాస్కు... ఒరేయ్, ఆ సూపు వాడి నోట్లో పడకూడదు."

బెర్నాలెస్ కుర్చీ కిందపడింది. "కారు!" అని అరుస్తూ వీధిలోకి పరిగెత్తాడు. కారులో పావుగంట దారి. నేను మోకాలు కూడదీసుకుని లేచేలోపే షూచిన్ గల్లాపెట్టె దగ్గర ఫోన్ అందుకుంది. ఆస్పత్రి నంబరు గోడ మీద కాగితంలో ఉంది, లామ్ గారు వేలు పెట్టి చూపించాడు.

మోగింది. మోగింది. ఎత్తారు.

"హలో! మూటో వార్టు నర్సుకారు? పౌకార్‌కారికి వచ్చిన సూపు తాకించొత్తు. తాకించొత్తు!"

అవతల విసుగు గొంతు ఇక్కడికి వినిపించింది. "ఏమిటమ్మా? ఏం తాకించాలి? ఎవరికి? ఎవరు మాట్లాడేది?"

"తాకించొత్తు! సూపు!"

"అర్థం కావడం లేదమ్మా. భోజనాల టైము, తర్వాత చెయ్యండి."

నేను అడుగు వేశాను. మోకాలు మొరాయించింది, బల్ల పట్టుకున్నాను. అప్పుడు నా వెనకనుంచి చేలక్క గొంతు వచ్చింది. నాకు పద్యం నేర్పిన గొంతు. గట్టిగా, స్పష్టంగా, తొందర లేకుండా.

"తల్లీ, ఇటు చూడు. 'ద్దు'. 'త్తు' కాదు. వేళ్ళు గొంతు మీద పెట్టు."

షూచిన్ తిరిగి చూసింది. చేలక్క తన గొంతు మీద రెండు వేళ్ళు ఆనించుకుని ఉంది. కళ్ళనిండా నీళ్ళు. ఫోన్ చెవికి నొక్కుకుని షూచిన్ కూడా వేళ్ళు గొంతు మీద పెట్టుకుంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"నా పేరు లువాన్ షూచిన్. పౌకార్ గారికి ఆ సూపు తాగించొద్దు. అందులో మందు ఉంది."

అవతల ఫోన్ బల్ల మీద పడేసి ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. గోడ మీద లామ్ గారి గడియారం రెండు కొట్టింది. షూచిన్ వేళ్ళు ఇంకా గొంతు మీదే ఉన్నాయి.